కాలీ దో

తారాబాయి బేరానికి బయలుదేరిందంటే నిజామాబాద్ కుమార్ గల్లీలో చీరల దుకాణాల వాళ్లకు ముందే ఎడమ కన్ను అదురుతుందని పెద్దమడుగులో అందరూ చెప్పుకుంటారు. ఇందులో కొంత అతిశయోక్తి ఉంది గానీ మరీ ఎక్కువేం లేదు. ఇరవై ఏళ్లుగా ఆమె టౌనులో చీరలు కొని, బోధన్ చుట్టుపక్కల చెరుకు ఊళ్లలో ఇంటింటికీ తిరిగి అమ్ముతోంది. ఇన్నేళ్లలో ఆమెను మోసం చేసిన దుకాణదారు పుట్టలేదు. పుట్టినా ఆ గల్లీలో దుకాణం పెట్టలేదు.

బేరంలో ఆమె నియమం ఒక్కటే. తెలియని సంగతి అమ్మేవాణ్ణి అడగకూడదు. అడిగావో, ఆ ప్రశ్నకు కూడా వాడు ధర కట్టి బిల్లులో కలుపుతాడు. తెలిసినా తెలియకపోయినా ముఖం మాత్రం అన్నీ తెలిసినట్టే ఉండాలి. ఈ నియమంతోనే ఆమె ఇల్లు కట్టింది, కూతురి పెళ్లి చేసింది, మహిళా సంఘానికి పెద్ద అయింది. సంఘానికి పెద్ద కాబట్టి ఈ ఏడాది బడి కమిటీకీ పెద్ద అయింది. ఆ నియమం ఆమె కొంప ముంచింది కూడా అక్కడే.

పెద్దమడుగు హైస్కూల్లో ఆరుగురు ఆడపిల్లలు మురళి నేర్చుకుంటున్నారు. నేర్పేది ముత్తన్న. చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి ఇంటికొచ్చిన మనిషి, ఊరి భజన మండలికి ప్రాణం. నోట్లో పాన్ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. ఇబ్బందల్లా ఒక్కటే. పిల్లలు ఆరుగురు, మురళి ఒకటి. అది ముత్తన్నది. ఒకళ్లు ఊదుతుంటే మిగతా అయిదుగురు చెరుకు ముక్కల మీద పెన్నుతో ఆరు చుక్కలు పెట్టుకుని, వాటి మీద వేళ్లు ఆడిస్తారు. పాఠం అయిపోగానే వాద్యాన్ని నమిలేస్తారు.

అలా నేర్చుకున్న పిల్లలే ఎంత బాగా వాయిస్తున్నారంటే, హెడ్మాస్టర్ భానుప్రసాద్ సారు మురిసిపోయి, నెలాఖరున నిజామాబాద్‌లో జరిగే జిల్లా బడుల పోటీకి వాళ్ల పేర్లు ఇచ్చేశాడు. ఇచ్చాక గుర్తొచ్చింది ఆయనకు, చెరుకు ముక్కలతో స్టేజీ ఎక్కలేమని.

కమిటీ మీటింగులో ఆయన ఒక కాగితం తీశాడు. హైదరాబాద్ కంపెనీ ఒకటి పంపిన ధరల పట్టీ అది. హార్మోనియం, తబలా, మురళీలు, వాటికి సంచులు, స్టాండ్లు, పోటీ రోజు హార్మోనియం వాయించడానికి డిచ్‌పల్లి నుంచి ఒక మనిషి. మొత్తం నలభై ఎనిమిది వేలు. ఊళ్లో ఇంటింటికీ తిరిగి పోగు చేసిన చందా పన్నెండు వేలు.

"పేర్లు వాపస్ తీసుకుందామా అమ్మా?" అన్నాడు సారు, నీళ్లు నములుతూ.

తారాబాయి ఆ కాగితాన్ని పాత చీర చూసినట్టు చూసింది. పెన్ను అడిగి తీసుకుంది.

"హార్మోనియం ఎందుకు సార్? భజన మండలిది మూలకు వడి ఉన్నది. తిత్తి చినిగింది, అతుకేస్తే మోగుతది. స్టాండ్లు ఎందుకు? పిల్లలకు చేతులు లేవా? సంచులు మా సంఘపోళ్లు కుడ్తరు, యూనిఫాం గుడ్డ మిగిలే ఉన్నది. గీ డిచ్‌పల్లి మనిషి ఎందుకు? హార్మోనియం ముందల కూసునేటందుకు మా ఊర్ల మనిషే లేడా?" ఒక్కో మాటకూ ఒక్కో గీత గీసింది. చివరికి కాగితం మీద తబలా, మురళీలు మాత్రం మిగిలాయి. "గివి నేను తెస్త. పన్నెండు వేలల్లనే తెస్త. మళ్లొక్క పైస అడిగితే నా పేరు తారాబాయి కాదు."

చందా ఇచ్చిన వాళ్లంతా అక్కడే ఉన్నారు. అందరూ విన్నారు.

టౌనుకు బయలుదేరిన రోజు బస్ స్టాపు దగ్గరికి శృతి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆరుగురిలో అందరికన్నా బాగా వాయించే పిల్ల. ఎనిమిదో తరగతి. "పెద్దమ్మా, నేను గూడ వస్త" అంది.

"వద్దు బిడ్డా. కొనేటప్పుడు పిల్లలు పక్కన ఉంటే బేరం చెడ్తది. మీ కండ్లల్ల మెరుపు సూసి ఆడు రేటు పెంచుతడు" అంది తారాబాయి. ఇందులో అబద్ధం లేదు. ఎన్ని పెళ్లి చీరల బేరాలు పెళ్లికూతురి కళ్లవల్ల చెడిపోయాయో ఆమెకు తెలుసు.

అప్పుడే రోడ్డుకు అటువైపు ముత్తన్న కనిపించాడు. మధ్యలో చెరుకు ట్రాక్టర్లు వరుసగా పోతున్నాయి. ఆయన పాన్ ఒక దవడకు నెట్టి, చేతులు ఊపుతూ అరిచాడు.

"తారా! తబల కాలీ దో! మురళి గూడ కాలీ దో! యాదికుంటదా?"

"సమజైంది బాపూ!" అని ఈవిడ ఇటునుంచి అరిచింది. బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు తీసుకుని, చిన్న నోటుబుక్కులో రాసుకుంది. 'తబల – ఖాలీ దో. మురళి – ఖాలీ దో.'

ఖాలీ దో అంటే రెండే రెండు. మన దగ్గర ఈ మాట ఎవరికి తెలియదు? ఖాలీ రెండు నిమిషాలు ఆగమంటాం, ఖాలీ రెండు ముద్దలు తిన్నానంటాం. తబలా ఎలాగూ జత, రెండే ఉంటాయి. మరి మురళీలు ఆరుగురికి రెండే ఏమిటి? ముసలాయన ఊరి డబ్బు గురించి భయపడుతున్నాడని ఆమెకు జాలేసింది. 'పిచ్చి బాపు. ఆరు తెస్త, సూడు' అనుకుంది.

వాద్యాల దుకాణం నడిపేది సాయికుమార్ అనే కుర్ర యజమాని. తారాబాయి గురించి చీరల గల్లీ నుంచి అతని దాకా ఇంకా వార్త రాలేదు పాపం. నవ్వుతూ స్టూలు వేశాడు.

"ఏ సురు కావాలె అక్కా?"

సురంటే శ్రుతి అని తారాబాయికి తెలియదు. అయినా ముఖంలో ఒక్క గీత కదలలేదు. "మంచి సురు" అంది.

"మంచిదే గానీ, ఏది?"

"నీ తాన మంచిది లేదా? లేకుంటే చెప్పు, ఇంకో దుకాణం సూస్కుంట."

సాయికుమార్ మళ్లీ అడగలేదు. తబలా జత చూపించాడు. ఆమె చర్మం తడిమి, చెక్క గోకి, లేని లోపాలు నాలుగు చెప్పి ధర దింపింది. తర్వాత అతను ఒక బుట్ట తెచ్చి ముందు పెట్టాడు. అన్ని రకాల మురళీలూ కలిసి ఉన్న పాత స్టాకు. "గివి చిల్లర మాల్ అక్కా, తగ్గించి ఇస్త" అన్నాడు.

ఆ బుట్టను చూడగానే తారాబాయి ముఖం వెలిగింది. జానెడువి, జానెడున్నరవి, మూరెడువి, అన్ని సైజులూ ఉన్నాయి. బడి పిల్లల యూనిఫాంలు కుట్టేది ఆమె సంఘమే. ఎవరి చెయ్యి ఎంత పొడవో, ఎవరి భుజం ఎంతో ఆమెకు కంఠతా వచ్చు. రమ్య పొట్టిది, దానికి పొట్టి మురళి. సవితవి పొడుగు చేతులు, దానికి మూరెడుది. శృతికి మధ్యస్తంది. ఇలా ఆరుగురికీ ఆరు కొలతల మురళీలు, ఎర్రదారం చుట్టినవి, మెరిసేవి, ఏరి పక్కన పెట్టింది. ఇంత చక్కగా ఏ హైదరాబాద్ కంపెనీ చూస్తుంది? ఆమెకు ఆమె మీదే ముద్దొచ్చింది.

చివరి బేరం ఆమె బేరాలన్నింటిలో గొప్పది. "సూడు తమ్మీ, ఇంకో అయిదు వందలు తగ్గించు. తగ్గిస్తే వాపస్ అనే మాట నా నోట రాదు. తీస్కపోయినంక మళ్ల తెచ్చుడు, మార్చుడు, ఏం లేదు. గట్ల మాటిచ్చే గిరాకి నీకు ఇంకెవరన్న ఉన్నరా?"

సాయికుమార్ ఆలోచించి తగ్గించాడు. ఆమె పదకొండు వేలకు కాస్త తక్కువలోనే బయటపడింది. దారిలో హార్మోనియం తిత్తికి అతుకు గుడ్డ కూడా కొన్నది.

మర్నాడు బడి వరండాలో పండగే. భానుప్రసాద్ సారు చప్పట్లు కొట్టాడు. పిల్లలు ఎవరి మురళి వాళ్లు పట్టుకుని చూసుకుంటున్నారు, సరిగ్గా చేతికి కొలిచినట్టే ఉన్నాయి. తారాబాయి కొంగు బిగించి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇగ ఊదుండ్రి, అందరు ఒక్కపారి" అన్నాడు ముత్తన్న.

ఆరుగురూ ఊదారు.

వరండా చూరు మీది పావురాలు లేచిపోయాయి. బడి వంట చేసే దేవవ్వ ఏమైందోనని గరిటెతో బయటికి వచ్చింది. ముత్తన్న పాన్ ఉమ్మేసి వచ్చాడు. ఆయన పాన్ సగంలో ఉమ్మెయ్యడం ఊరు ఎరగదు. ఒక్కొక్క మురళీ తీసుకుని తను ఊదాడు. ఒక్కటొక్కటిగా ఎంతో బాగున్నాయన్నాడు. రెండు కలిపితే అత్తా కోడళ్లు.

"ఏం సురు తెచ్చినవ్ బిడ్డా?"

"నువ్వు చెప్పిందే గద బాపూ. ఖాలీ దో అంటివి. నేనే ఆగవట్టక ఆరు తెచ్చిన."

ముత్తన్నకు క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, అతుకు కోసం తెచ్చిపెట్టిన భజన మండలి హార్మోనియాన్ని ముందుకు లాగాడు.

"ఖాలీ గాదే తల్లీ, కాలీ! నల్లది! గిదో, గీ మెట్లల్ల తెల్లయి ఉన్నయి, నల్లయి ఉన్నయి. నల్లయిట్ల రెండో మెట్టు కాలీ దో. పిల్లలు నేర్సుకున్న నా మురళి గూడ గదే. అన్ని మురళీలు గా మెట్టుకే కలవాలె. మురళి పొడుగు మారితే సురు మారిపోతది, చేతి కొలత సూసి కొనేటందుకు గిదేమన్న జాకిటా?" అని, మళ్లీ నవ్వొచ్చి ఆగి, "శృతిని ఇంట్ల ఇడిసివెట్టి పోతివి, శ్రుతి ఎట్ల కలుస్తది?" అన్నాడు.

పిల్లలు కూడా నవ్వారు. తారాబాయి నవ్వలేదు. ఆమెకు చెవులు వేడెక్కాయి. ఇరవై ఏళ్లలో మొదటిసారి, డబ్బిచ్చి పనికిరాని సరుకు మోసుకొచ్చింది. అదీ తన డబ్బు కాదు, ఊరి డబ్బు.

"తబలా సంగతి ఏంది?" అంది గొంతు తగ్గించి.

"తబలను సుత్తెతో కొట్టి దారికి తెస్త. అది మాట ఇంటది. వెదురు ఇనదు" అన్నాడు ముత్తన్న. ఆరింట్లో ఒక్కటి, రమ్య చేతిలోది, పొరపాటున కాలీ దో అయింది. మిగతా అయిదూ అయిదు దారులు.

భానుప్రసాద్ సారు మెల్లగా దగ్గరికొచ్చాడు. "వాపస్ ఇచ్చేద్దాం అమ్మా, మార్చి ఇస్తాడు."

"ఇయ్యడు సార్. వాపస్ రానని మాటిచ్చి అయిదు వందలు తగ్గించుకున్న."

సారు తల పట్టుకున్నాడు. పోటీకి ఇక ఎనిమిది రోజులే ఉన్నాయి. చందా డబ్బులో మిగిలింది తిత్తి అతుకు కూలికి సరిపోతుంది. బుధవారం లోపల వస్తున్నామో లేదో చెప్పకపోతే పేర్లు తీసెయ్యాల్సిందే అన్నాడు. శృతి తన మురళి ఎర్రదారాన్ని వేలితో నిమురుతూ కూర్చుంది. ఆ పిల్ల మళ్లీ చెరుకు ముక్క పట్టుకోవడం తారాబాయికి కళ్ల ముందు కనిపించింది.

"తప్పు నాది" అంది ఆమె, వరండాలో అందరికీ వినబడేలా. "నాకు తెల్వనిది తెల్సినట్టు చేసిన. బుధవారం దాకా ఆగుండ్రి సార్. ఊరిని ఒక్క పైస అడగ."

ఆ రాత్రి ఆమె బాధపడుతూ కూర్చుందనుకునేరు. అంత తీరిక లేదు. చీరల వ్యాపారంలో కలవని రంగులు మిగిలిపోవడం కొత్తేమీ కాదు. ఒక ఇంటి తోడికోడళ్లకు ఒకే రంగు కావాలంటే పనికిరాని చీర, ఇంకో ఇంట్లో ఒంటరిగా వెలిగిపోతుంది. ముత్తన్న అన్న మాటే ఆమె చెవిలో తిరుగుతోంది, ఒక్కటొక్కటిగా ఎంతో బాగున్నాయని. మరి ఒక్కటొక్కటిగానే అమ్మితే?

ఆదివారం పొద్దున్నే శృతిని వెంటబెట్టుకుని బోధన్ బజారుకు పోయింది. కూరగాయల వరస పక్కన చీర పరిచి, అయిదు మురళీలు పేర్చింది. "నువ్వు ఊదు బిడ్డా. ఇయ్యాల నీ కండ్లల్ల మెరుపు ఉంటేనే మంచిది" అంది.

శృతి ఊదింది. చెరుకు కోతల్లో అమ్మలక్కలు పాడుకునే పాట. బేరాలాడుతున్న వాళ్లు బేరాలు ఆపి తిరిగి చూశారు. మంజీర అవతలి నుంచి వచ్చిన ఒక మరాఠీ ఆయన మిరపకాయల సంచి దింపి, "బాసరీ కితీలా?" అని మురళి ధర అడిగాడు. తారాబాయి తను కొన్న ధరకు వంద కలిపి చెప్పింది, ఆయన యాభైకి దింపాడు, ఇద్దరికీ సంతోషమే. ఇంకో ఆమె వచ్చి ఇద్దరు కొడుకులకు రెండు కావాలంది.

"ఒక్కటే ఇస్త అక్కా" అంది తారాబాయి.

"ఎందుకు? నా పైసలు పైసలు గావా?"

"గీ రెండు ఒక్క ఇంట్ల ఉంటే కొట్టుకుంటయి. సురు కలవదు. నేను గట్లనే కొని మోసపోయిన, నిన్నెందుకు మోసం చేస్త?"

ఆమె వింతగా చూసి ఒక్కటే కొనుక్కుపోయింది. చేతిదాకా వచ్చిన గిరాకీని వద్దనడం తారాబాయి ఎన్నడూ చేయలేదు. కానీ ఆ మాట విన్న పక్క కూరగాయల ఆయన, నిజం చెప్పే మనిషి దొరికిందని తన మనవడికి ఒకటి తీసుకున్నాడు. మధ్యాహ్నానికి చీర ఖాళీ అయింది. పెట్టిన డబ్బు రావడమే కాదు, పైన కాస్త మిగిలింది కూడా.

అక్కణ్నుంచే ఇద్దరూ నిజామాబాద్ బస్సెక్కారు. దుకాణంలోకి అడుగుపెట్టగానే సాయికుమార్ ముఖంలో రంగు మారింది.

"అక్కా, వాపస్ అననని మాటిచ్చినవ్!"

"మాట మీదనే ఉన్న. వాపస్ రాలే, కొనేటందుకు వచ్చిన." తారాబాయి స్టూలు తనే లాక్కుని కూర్చుంది. తర్వాతి మాట నోట్లోంచి రావడానికి కొంచెం సమయం పట్టింది. ఇరవై ఏళ్ల అలవాటు మరి. "తమ్మీ, మొన్న నువ్వు ఏ సురు అంటే నాకు తెల్వలే. తెల్వదని చెప్తే రేటు పెంచుతవని చెప్పలే. ఇయ్యాల చెప్తున్న. నాకు తెల్వదు. నల్ల మెట్లల్ల రెండోదానికి కలిసే మురళీలు అయిదు కావాలె. ఎట్ల ఏరుకోవాలె, ఎక్కడ పైసలు దండుగ, ఎక్కడ దండుగ గాదు, నువ్వే చెప్పు."

సాయికుమార్ ఆమెను ఎగాదిగా చూశాడు. ఇంతవరకు అలా అడిగిన గిరాకీ అతనికీ తగిలినట్టు లేదు. లోపలికి వెళ్లి, గుడ్డలో చుట్టిన కట్ట తెచ్చాడు. ఎండకు వెలిసి దారం రంగు పోయినవి. ఒకటి రెండింటికి దారమే లేదు. "గివి అందరు అందం సూసి వద్దన్నయి అక్కా. సురు మాత్రం పక్కా. చిల్లర మాల్ రేటుకే ఇస్త. గాని పిల్ల ఊది సూడాలె, ఊదకుండ కొనొద్దు. ఎవరి తానైనా సరే."

షాపులోని హార్మోనియం మీద అతను నల్లమెట్టు నొక్కి పట్టాడు. శృతి ఒక్కొక్కటే ఊదింది. మెట్టుతో కలవనిది పక్కన పెట్టింది, కలిసినది ఒళ్లో పెట్టుకుంది. కలిసిన ప్రతిసారీ ఆ పిల్ల కళ్లు మెరిశాయి. తారాబాయి ఈసారి ఆ మెరుపునే చూసి కొన్నది. బేరమాడలేదని మాత్రం అనుకోకండి. అయిదింటి మీద ఆరోది ఊరికే ఇప్పించుకునే దాకా ఆమె లేవలేదు.

బుధవారం వరండాలో ఆరుగురూ మళ్లీ ఊదారు. పావురాలు కదలలేదు. దేవవ్వ గరిటెతో వచ్చి, గరిటె పట్టుకునే నిలబడిపోయింది. వెలిసిపోయిన ఆ వెదురు ముక్కల్లోంచి వచ్చే ఒకే ధార విని భానుప్రసాద్ సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అంతా బాగానే ఉంది గానీ," అన్నాడు తేరుకున్నాక, "ముత్తన్న తబలా మీద కూర్చుంటే హార్మోనియం ఎవరు పడతారు? డిచ్‌పల్లి మనిషిని పట్టీలోంచి మీరే కొట్టేశారు."

ముత్తన్న పాన్ నములుతూ తారాబాయి వంక చూశాడు. "వాయించుడేం లేదు సార్. పిల్లలకు ఆధారంగ ఒక్క మెట్టు పట్టుకోని, తిత్తి ఊపితే సాలు. మా ఊర్ల మనిషే లేడా అన్నది ఎవరు?"

అలా పోటీ రోజు నిజామాబాద్‌లో, నిండిన హాలు ముందు, తారాబాయి హార్మోనియం ఎదుట బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అతుకు తిత్తి మీద ఎడమ చెయ్యి వేసి, తీసి, కొంగుకు తుడుచుకుని మళ్లీ వేసింది. ఎన్ని వందల దుకాణాల గడపలు తొక్కినా జంకని మనిషి. ఆరుగురు పిల్లలు, యూనిఫాం గుడ్డతో కుట్టిన సంచుల్లోంచి మురళీలు తీసి, ఆమె వైపే చూస్తున్నారు. ఆమె పట్టేదాకా వాళ్లకు పాట లేదు. పైగా చందా ఇచ్చిన ఊరంతా మూడో వరసలో కూర్చుని ఉంది.

తెల్ల మెట్లు, నల్ల మెట్లు అన్నీ ఆమె కళ్ల ముందు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి. తెలిసినట్టు ముఖం పెట్టి ఏదో ఒకటి నొక్కేస్తే చాలు, ఇరవై ఏళ్లుగా చేసిన పనే. ఆమె నొక్కలేదు. తల తిప్పి, అందరి ముందూ, పక్కనున్న పిల్లను అడిగింది.

"శృతీ, ఏది బిడ్డా?"

శృతి వంగి వేలితో చూపించింది. తారాబాయి ఆ మెట్టు నొక్కి పట్టుకుంది. స్వరం లేచింది. దాని మీదికి ఒక మురళి, ఆ వెనకే అయిదు, అన్నీ వచ్చి వాలాయి. ఎవరిది ఏదో తెలియకుండా కలిసిపోయాయి. తను కొన్నదేమిటో ఆమెకు అప్పుడు వినిపించింది. కళ్లు నిండిపోయాయి, అయినా వేలు మాత్రం మెట్టు మీంచి తీయలేదు.

ముత్తన్న తబలా మీంచి ఆమె వైపు వంగి, నవ్వుతూ, పెదవులతోనే అడిగాడు, ఏమిటది అని.

"కాలీ దో" అంది తారాబాయి, ఈసారి ఒత్తు లేకుండా.